పిల్లల గదీ, పార్టీ ఐక్యతా

పార్టీ శాఖ కార్యదర్శి అన్నయ్యగారికి,

కుట్టు షెడ్డులో మూడో వరుస చివరి మిషను మీద కుట్టే చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది, తప్పులుంటే మన్నించండి. మీరూ, వదినగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. మా షెడ్డు యజమానిగారి పార్టీతో మీరు చేతులు కలిపారని విన్నాం. ఈ ఎన్నికల్లో మీ అందరి అభ్యర్థీ ఆయనేనట. పెద్దవాళ్లు, మంచీ చెడూ ఆలోచించే చేసి ఉంటారు. కలిసి ఉంటే ఎవరికైనా మంచిదే. పోయినసారి మా గేటు ముందు స్టూలెక్కి మీరు మాట్లాడిన మాటలు ఇంకా మా చెవుల్లో ఉన్నాయి. ఆరోగ్యం జాగ్రత్త.

మీ చెల్లెలు

తా.క. (వెనక పేజీ) అడగడానికి మొహమాటంగా ఉంది. ఆ రోజు షెడ్డులో పసిపిల్లలకు ఒక గది పెట్టిస్తామన్నారు. ఇవ్వనన్నది ఈ యజమానిగారే. మా బాబుకు తొమ్మిది నెలలు. నా మిషను కింద అట్టపెట్టెలో ఉంటాడు. నిన్న వాడి నోట్లోంచి బొత్తాం తీశాను. ఆ గది మాట ఏమైందో ఒక ముక్క రాయండి.

*

గౌరవనీయ సోదరికి,

ఉద్యమాభివందనాలు. "కలిసి ఉంటే ఎవరికైనా మంచిదే" అన్న మీ వాక్యం చదివి కార్యవర్గమంతా కదిలిపోయింది. ఈ పొత్తు చూసి మా సొంత ఓటర్లే మొహం తిప్పుకుంటున్న రోజుల్లో ఒక శ్రామిక మహిళ ఇంత పరిణతి చూపడం మామూలు విషయం కాదు. మీ ఉత్తరాన్ని అచ్చు వేయించి ఊరంతా పంచాం. యజమానిగారు స్వయంగా ఒక కట్ట తీసుకెళ్లారు.

ఐక్యతతో,
శాఖ కార్యదర్శి

తా.క. ఉత్తరాలు కుప్పలుగా వస్తున్నందువల్ల మొదటి పేజీ చదివి ఫైల్లో పెట్టడం మా కార్యాలయ పద్ధతి. మీరు ఒక్క పేజీలోనే ముగించడం మాకెంతో నచ్చింది.

*

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఈసారి అడగాల్సింది పైనే రాస్తున్నాను. పిల్లల గది ఎప్పుడు పెడతారు?

మీరు అచ్చు వేయించిన కాగితాన్ని యజమానిగారు గేటుకీ, నీళ్ల కుళాయి దగ్గరా, చివరికి ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకీ అంటించారు. అప్పటినుంచి మా వరుసలో నాతో మాట్లాడేవాళ్లు లేరు. బొత్తాలు కుట్టే అక్క నా ఎదుటే అంది, "నోట్లో నాలుక లేదనుకున్నాం. ఎంత పని చేసిందమ్మా!" మా తోడికోడలు ఊరుకుంటుందా? "ఏమే, నీ కొడుక్కి ఒక్కడికే గది ఇస్తానన్నాడా?" అంది. మా ఆయన మీ జెండా మోసే మనిషి. ఆయనతో చెప్పుకుంటే, "పైవాళ్లకు తెలియదంటావా? నువ్వూరుకో" అని కంచంలోకి తల దించుకున్నారు.

చివరికి వెనక పేజీలో ఏం రాశానో భోజనాల వేళ అందరికీ చెప్పాను. ఇప్పుడు పసిపిల్లల తల్లులం పన్నెండు మందిమి ఒక మాట మీద ఉన్నాం.

జవాబు కోసం చూసే చెల్లెలు

తా.క. దయచేసి దీన్ని అచ్చు వేయించకండి.

*

సోదరీ,

అత్యవసరం, రహస్యం. పన్నెండు మందా! మీరు ఒక అసమ్మతి వర్గం నడుపుతున్నారని మేం ఊహించలేదు. మీ వెనక ఉన్నది ఈ పొత్తు నచ్చక వెళ్లిపోయిన మా పాత కార్యదర్శేనని మాకు తెలుసు. ఆయన మాటలు నమ్మకండి.

పిల్లల గది డిమాండును మేం వదల్లేదు. యజమానిగారి మనసు నొచ్చుకోకుండా అందులోంచి "గది" అన్న ఒక్క మాట తీసేశాం, అంతే. ఇప్పుడు మనం చీలితే అవతలి అభ్యర్థి గెలుస్తాడు. ఆడది గడప దాటకూడదనే మనిషి. అప్పుడు మీకు మిషను కూడా ఉండదు. ఆలోచించుకోండి.

మీ వర్గానికి తగిన గౌరవం ఇస్తున్నాం. మిమ్మల్ని ఐక్యతా సంఘం ఉపాధ్యక్షురాలిగా నియమించాం. ఎన్నిక కాగానే నేను రాజధానికి వెళ్తున్నాను. కార్యాలయం తాళంచెవి మీ ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

శాఖ కార్యదర్శి

తా.క. ఉపాధ్యక్షురాలి బాధ్యతలు: పొద్దున తలుపు తీసి ఊడవడం, సాయంత్రం తాళం వెయ్యడం.

*

అన్నయ్యగారికి,

ఓటు వేశాం. పన్నెండు మందిమీ మా యజమానికే వేశాం. అవతలివాడి గురించి మీరు రాసింది నిజమే. బయటికొచ్చాక బొత్తాల అక్క, "నా చెయ్యి చూస్తే నాకే అసహ్యంగా ఉందే" అంది.

గెలిచాక యజమానిగారు షెడ్డుకు వచ్చారు. గది అడుగుదామని లేచి నిలబడ్డాను. "ఐక్యత అమ్మాయివి నువ్వే కదూ!" అని అందరిచేతా నాకు చప్పట్లు కొట్టించారు. గది మాట ఎత్తకుండానే కూర్చుండిపోయాను.

మర్నాడు మావాడు పెట్టెలోంచి పాకి పక్క మిషను బెల్టులో వేలు పెట్టాడు. గోరు ఊడింది. వేలు నిలిచింది.

ఆ మర్నాటి నుంచి పిల్లలు మీ కార్యాలయంలో ఉంటున్నారు. కవలలతో కలిపి పదమూడు మంది. రోజుకొక తల్లి వాళ్ల దగ్గర ఉంటుంది, ఆమె వంతు బట్టలు మిగతా పదకొండు మందిమి కుట్టేస్తాం. మీ గుడ్డ బ్యానర్లు గట్టివి, ఉయ్యాలలు కట్టాం. నాయకుల ముఖాలు చూసి పిల్లలు దడుచుకుంటుంటే బయటివైపుకు తిప్పాం. ఇరవై రోజులైంది. పార్టీ మనిషి ఒక్కరూ గుమ్మం తొక్కలేదు, మా ఆయన తప్ప. ఆయన పొద్దున్నే బాబును దింపడానికి వస్తున్నారు.

తాళంచెవి యజమానిగారికి అప్పగించమని మీరు మా ఆయనకు కబురు చేశారట. ఇవ్వను. ఇంత సూటిగా నేనెప్పుడూ ఎవరికీ రాయలేదు, మన్నించండి.

పదమూడు మంది తరఫున,
మీ చెల్లెలు

తా.క. కార్యాలయానికి రాస్తే ఈ ఉత్తరం మళ్లీ నా చేతికే వస్తుంది. అందుకని రాజధానిలో మీ బసకు పంపుతున్నాను. మీరెప్పుడైనా ఇటు వస్తే మధ్యాహ్నం పూట తలుపు గట్టిగా కొట్టకండి. అప్పుడే నిద్రపోతుంటారు.