అల్లుడు పెంచే ఆరు మృగాలు

ఇబ్రహీంపట్నం,
శుక్రవారం

చిరంజీవి అల్లుడు వెంకటసాయికి,

మీ అత్త అనంతమ్మ దీవించి రాసేది. మేము మంచిగున్నం. పెద్ద అంబర్‌పేటల నువ్వు, మా వైశాలి మంచిగున్నరని తలుస్త.

ఒక ముచ్చట. నిన్న బువ్వ తినుకుంట మీ మామ తలకాయ ఎత్తకుండనే, "ఆ పిల్లగాన్ని ఒకపారి తినిపొమ్మనరాదు" అన్నడు. ఏ పిల్లగాడని అడిగిన. "మన పిల్లను చేసుకున్నోడు" అన్నడు. మాకు చెప్పకుండ మీరు రిజిస్టర్ ఆఫీసుల దండలు మార్చుకున్నకాడికెల్లి నీ ముచ్చట తియ్యని మనిషి! నా చేతిల చారు గిన్నె జారింది. ఆ చారు చూసి, "గింత సంబురమా" అని మల్ల మొహం ముడుచుకున్నడు. కని మాట అయితే వాపస్ తీసుకోలే.

వచ్చే నెల మొదటి ఐతారం ఇద్దరు రాండ్రి. నాటుకోడి కూర చేస్త. నువ్వు జర తక్కువ మాట్లాడు, ఎక్కువ తిను. మీ మామకు గట్లాంటోళ్ళు నచ్చుతరు.

ఇట్లు,
నీ మేలు కోరే అత్త అనంతమ్మ

మరిచిన: ఫోన్ చెయ్యకు. ఫోను మీ మామ మంచం పక్కకే ఉంటది. నాకు సగం వినపడదు, ఆయనకు రెండు దిక్కులది వినపడ్తది. ఉత్తరం రాసి పాల వ్యాను ఎల్లస్వామికి ఇయ్యి. రోజూ మీ దిక్కు వస్తడు.


పెద్ద అంబర్‌పేట్,
సోమవారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ అల్లుడు వెంకటసాయి నమస్కరించి వ్రాయునది. మీ ఉత్తరం చదివి ఎంత ఆనందించానో చెప్పలేను. మామయ్యగారు నన్ను "పిల్లగాడు" అన్నారంటే మా అమ్మ వెంకటలక్ష్మిగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

అయితే ఒక చిన్న చిక్కు వచ్చిపడిందండి. సరిగ్గా ఆ ఆదివారమే హిమాయత్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో 'మాన్‌స్టర్ మైదాన్' పోటీలు ఉన్నాయి. చాలా పెద్ద పోటీ. అందులో ఎవరి మృగాల జట్టును వాళ్ళు తయారుచేసుకుని ఎదుటివాళ్ళ జట్టుతో తలపడాలి. కుమ్ములాట కాదండి, పద్ధతిగా ఉంటుంది. మన వంతు వచ్చినప్పుడు మనం కొట్టాలి, వాళ్ళ వంతు వచ్చినప్పుడు మనం పడాలి. మొత్తం ఆరు మృగాలు కావాలి. నిప్పులు కక్కే బల్లి, విషం చిమ్మే నత్త తయారయ్యాయి. అందరి దెబ్బలూ కాచుకోవడానికి ఒక తాబేలు ఉంది. మిగతావి ఇంకా గుడ్లలోనే ఉన్నాయి. బోలెడు గుడ్లు పొదిగిస్తే గానీ పనికొచ్చే పిల్ల ఒక్కటి రాదు.

అందుచేత భోజనాల రోజు ఒక వారం తర్వాతకు జరపగలరేమో అని వినయంగా అడుగుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు
వెంకటసాయి

తా.క.: వైశాలి బ్యాంకు పరీక్షకు బాగా చదువుతోంది. ఈ మృగాలతో తనకు ఏ సంబంధమూ లేదు. మళ్ళీ చెబుతున్నాను, ఏ సంబంధమూ లేదు.


ఇబ్రహీంపట్నం,
బుధవారం

అల్లుడికి అత్త దీవెనలు.

నీ ఉత్తరం రెండు పార్ల చదివిన. సదువుకున్నోనివి, కంపెనీల నౌకరి చేసేటోనివి, నీకు గీ పని ఎందుకు బిడ్డా? రెండో అంతస్తుల, గంత ఇరుకు ఇంట్ల, నిప్పులు కక్కే బల్లిని ఏడ పెట్టినవ్? ఇల్లు ఓనరు ఏమంటలేడా? పరదాలకు అంటుకుంటే ఎట్ల?

పశువుల దవాఖాన కాంపౌండరు ఇస్తారిని అడిగిన. "ఇషం చిమ్మే నత్తకు మందేదన్న ఉన్నదా" అంటే, ఆయన నా దిక్కు చూసి, "అనంతమ్మా, ముందుగాల నువ్వు కూసో, మంచినీళ్ళు తాగు" అన్నడు. గాయనకు గూడ తెల్వదన్నట్టు.

నాకు మస్తు బాధైంది మాత్రం తాబేలుకు. అది నిన్నేం చేసింది? అందరి దెబ్బలు దాని మీదికేనా? దానికి నోరు లేదనే కదా!

గుడ్లకు మాత్రం ఫికర్ చెయ్యకు. పొదుగుడుల నా ఎర్ర పెట్టను మించింది ఈ వాడలనే లేదు. ఎల్లస్వామి వ్యాన్ల గంప కింద పెట్టి పంపిన. దానికి ఏ గుడ్డయితేంది, కూసుంటది.

రోజు జరుపుడు కుదరదు. మీ మామ ఒక్కపారి అన్నడు, అదే పదివేలు. మల్ల అడిగితే "నేనన్ననా?" అంటడు.

ఇట్లు,
అత్త అనంతమ్మ

మరిచిన: పెట్టను బల్లి దిక్కు పోనియ్యకు. నత్తను వైశాలి మంచం దిక్కు రానియ్యకు.


పెద్ద అంబర్‌పేట్,
శనివారం

అత్తయ్యగారికి నమస్కారములు.

తప్పంతా నాదేనండి. మొదటే చెప్పాల్సింది. ఆ మృగాలు నిజమైనవి కావు. కంప్యూటర్లో కనిపించే బొమ్మలు. అదొక వీడియో గేమ్. నిప్పూ బొమ్మే, విషమూ బొమ్మే. తాబేలుకు దెబ్బ తగిలితే తల లోపలికి లాక్కుంటుంది, అంతే. ఆట అయిపోగానే మళ్ళీ బాగైపోతుంది. మీరు దాని కోసం బాధపడ్డారని చదివి నాకే సిగ్గేసింది.

మీ పెట్ట క్షేమంగా చేరింది. ప్రస్తుతం మా ప్రింటర్ మీద కూర్చుంది. దించబోతే పొడుస్తోంది. ఆఫీసు కాగితాలు పక్కింట్లో తీసుకుంటున్నాను.

ఈ ఆటలో గొప్పతనం ఏమిటంటే, ఆరుగురు బలవంతులను చేర్చినంత మాత్రాన గెలవలేం. మొదట్లో నేను కొండంత ఏనుగును పెట్టాను. ఒక్క నీటి దెబ్బకు కూలిపోయింది. దాన్ని తీసేసి, దెబ్బలు మాన్పే చిన్న కప్పను పెట్టాం. ఒకరికి లేనిది ఇంకొకరు ఇవ్వాలి. అదీ జట్టంటే.

పైగా ఇది జంట పోటీ. రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు, చెరో మూడు మృగాలు. ఆ కప్ప ఆలోచన నాది కాదు, నా పార్ట్‌నర్‌ది. ఎంత తెలివైనదో మీకు ఎలా చెప్పను! ఆఫీసు నుంచి వచ్చి ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే టైమే తెలియదు. నేను తప్పు నొక్కితే నెత్తిన ఒక మొట్టికాయ వేస్తుంది. అలాంటి పార్ట్‌నర్ దొరకడం నా అదృష్టం.

ఇట్లు,
వెంకటసాయి

తా.క.: వైశాలికి ఇదంతా తెలుసు. ఏమీ అనదు. తన మనసు చాలా పెద్దది.


ఇబ్రహీంపట్నం,
ఆదివారం

వెంకటసాయికి,

కంప్యూటర్ సంగతి సమజైంది. పార్ట్‌నర్ సంగతి సమజ్ కాలే.

పక్కపక్కన కూసునేది ఎవరు? నెత్తి మీద మొట్టేది ఎవరు? నా బిడ్డ లోపట బ్యాంకు పుస్తకాలు చదువుకుంటుంటే, బయట అర్రల ఇంకొకతి కూసొని కప్పలు, నత్తలా? నా బిడ్డ మనసు పెద్దదని నువ్వు నాకు రాస్తవా? అది నాకు తెల్వదా? అందుకే కదా నా భయం!

ఆమె పేరేంది, ఏ ఊరు, ఎవరి బిడ్డ? నిజం రాయి. మీ మామకు ఇంక చెప్పలే. చెప్తే ఐతారం బువ్వ ఉండది, ఐతారమే ఉండది.

నీ మీద నాకు మొదటికెల్లి నమ్మకం ఉండె. మా చుట్టాలంత నోరు పారేసుకుంటుంటే, "పిల్లగాడు మంచోడు" అని అన్నది నేనొక్కదాన్నే. జర యాదుంచుకో.

ఇట్లు,
వైశాలి తల్లి

మరిచిన: నా పెట్టను వాపస్ పంపు. గసొంటి ఇంట్ల అది ఉండద్దు.


పెద్ద అంబర్‌పేట్,
బుధవారం

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. మీరు అనుకుంటున్నది ఏదీ లేదండి, ఒట్టు. కానీ నా పార్ట్‌నర్ పేరు మాత్రం చెప్పలేను. చెప్పనని మాటిచ్చాను. ఒక్కటి మాత్రం చెప్పగలను, తను మీకు బాగా తెలిసిన ఇంటి అమ్మాయే.

(ఈ వాక్యం రాశాక ఇది ఇంకా అనుమానం పెంచేలా ఉందని తోచింది. కానీ ఎల్లస్వామి కింద హారన్ కొడుతున్నాడు, మళ్ళీ రాసే వ్యవధి లేదు.)

నేను ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఆదివారం పోటీకి నేను వెళ్ళను. నా కుర్చీలో మా ఆఫీసు మిత్రుడు రోహన్ కూర్చుంటాడు. నేను మీ ఇంటికి భోజనానికి వస్తున్నాను. ఇన్నాళ్ళు కష్టపడి కట్టుకున్న జట్టే, కాదనను. కానీ మామయ్యగారి పక్కన కూర్చునే అవకాశం దానికన్నా పెద్దది. వైశాలికి ఆ రోజు కోచింగ్ క్లాసు ఉందట, తను రాలేనంది.

ఇట్లు,
మీ వెంకటసాయి

తా.క.: పెట్టను పంపుతున్నాను. ప్రింటర్ మీద నుంచి తీయడానికి ముగ్గురం కావలసి వచ్చింది.


పెద్ద అంబర్‌పేట్,
సోమవారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

నిన్న మీ గడపలో అడుగుపెట్టేసరికి మీరు లేరు. మామయ్యగారు ఒక్కరే ఉన్నారు. "మీ అత్త అర్జెంటు పనుందని పట్నం పోయింది. కూర వండి పోయింది. కూసో" అన్నారు. కూర్చున్నాను. మీరు మొదటి ఉత్తరంలో చెప్పినట్టే ఎక్కువ తిన్నాను, తక్కువ మాట్లాడాను. ఆయనా అంతే. ఫ్యాను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో శబ్దం లేదు. ఆ సమయంలో నా ఫోన్ మోగితే బాగోదని అది కూడా ఆపేశాను.

మధ్యలో కొండల్ అని ప్లాట్ల ఏజెంటు వచ్చి, ఔటర్ రింగు రోడ్డు పడ్డాక మీ చేనుకు ఎంత వస్తుందో చెప్పబోయాడు. "అల్లుడు తింటుండు, కనపడ్తలేదా?" అని మామయ్యగారు కసిరారు. అల్లుడు అన్నారండి! నాకు పొలమారింది. ఆయనే నీళ్ళిచ్చారు.

తర్వాత, "ఏందది, మృగాలను సాదుతున్నవట? దవాఖాన ఇస్తారి చెప్పిండు" అని అడిగారు. నేను కంగారులో కంచంలోనే చూపించాను. "ఇదిగోండి మామయ్యగారూ, ఈ మిరపకాయ నిప్పు. ఈ పాలకూర ఆకు. ఈ మజ్జిగ నీళ్ళు. నిప్పు ఆకును కాలుస్తుంది. నీళ్ళు నిప్పును ఆర్పుతాయి. ఆకు నీళ్ళను తాగేస్తుంది. ఎదుటివాడు మజ్జిగ దింపాడనుకోండి, నేను మిరపకాయను మొండిగా ఉంచకూడదు. వెనక్కి పిలిచి పాలకూరను దింపాలి."

ఆయన మిరపకాయ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "అంటే, ఎనక్కి తగ్గితే ఓడినట్టు కాదా?" అన్నారు.

"కాదండి. అదీ ఒక ఎత్తే."

"నా వంతు ఎప్పుడో వచ్చింది. నేనే తగ్గలే" అన్నారు. నా కంచంలో ఇంకో ముక్క వేశారు.

అత్తయ్యగారూ, ఆ ముక్క తిన్నాక మీ దగ్గర దాచడం నా వల్ల కాదు. నా పార్ట్‌నర్ ఎవరో కాదు, వైశాలే. ఆ జట్టంతా తను కట్టినదే. బ్యాంకు పుస్తకాలు కొన్న మాట నిజం, తెరిచిన మాట అబద్ధం. పెళ్ళయ్యాక కూడా ఆటలేమిటని మీరు తిడతారని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెట్టాను.

పాపం, నిన్న రోహన్‌కు జ్వరం వచ్చి రాలేదట. అయినా వైశాలి ఒక ఆట గెలిచి, రెండో ఆటలో ఓడి ఇంటికొచ్చింది. ఓడినందుకు ఏడుస్తుందనుకుంటే ఒకటే నవ్వు. నీ పక్కన ఎవరు కూర్చున్నారంటే చెప్పదు. మీరు తనను తిట్టకండి. తిట్టాలంటే నన్ను తిట్టండి.

ఇట్లు,
మీ అల్లుడు
వెంకటసాయి

తా.క.: కూరలో ఉన్నది నేను తిప్పి పంపిన పెట్ట కాదని మామయ్యగారు పెరట్లోకి తీసుకెళ్ళి మరీ చూపించారు. ఆయన మనసు కూడా చాలా పెద్దది.


ఇబ్రహీంపట్నం,
మంగళవారం

నా బంగారు అల్లుడికి,

అత్త దీవించి, జర సిగ్గువడి రాసేది.

ఐతారం నేను చుట్టాలింటికి పోలే, దవాఖానకు పోలే. నువ్వు ఈడ తింటుంటవు, ఆ మొట్టికాయలామె ఆడ ఒక్కతే దొరుకుతదని లెక్కేసుకున్న. బస్సెక్కి హిమాయత్‌నగర్‌ల దిగి, "మృగాల కొట్లాట ఏడ" అని ఇద్దరు ముగ్గురిని అడిగిన. ఒకాయన జూపార్కు బస్సు నంబరు చెప్పిండు. ఎట్లనో ఆ హాల్ దొరికింది. దారి పొడుగున ఏమేం తిట్టాల్నో మంచిగ తయారు చేసుకొని పోయిన.

లోపట చూస్తే నా బిడ్డ! ఒక కుర్చీల ఇది, పక్క కుర్చీ ఖాళీ. ఒక పిల్లగాడు చేతిల మైకు పట్టుకొని, "పార్ట్‌నర్ లేకుంటే మీ పేరు కొట్టేస్తం మేడం" అంటుండు. దీని కండ్లల్ల నీళ్ళు. నీకు ఫోన్ చేస్తే బందున్నదట. నన్ను చూసి "అమ్మా!" అని లేచి నిలవడ్డది. నేను చెయ్యి ఎత్తిన మాట నిజం. కని ఆ కండ్లు చూసినంక ఆ చెయ్యితోని కొట్టబుద్ధి కాలే. అదే చెయ్యితోని కుర్చీ జరుపుకొని కూసున్న.

అవ్ బిడ్డా. దాని పక్కకు కూసున్నది నేనే.

మైకు పిల్లగాడు, "ఆంటీ, మీకు జట్టును నడిపిన అనుభవం ఉన్నదా?" అన్నడు. "నలుగురు తోటికోడండ్లతోని ఒక్క పొయ్యి మీద వండిన" అన్న. జల్ది నా పేరు రాసుకున్నడు.

మా ఎదురుంగ ఇంజనీరింగ్ పోరగాండ్లు ఇద్దరు. నన్ను చూసి ముసిముసి నవ్వులు. వైశాలి చెప్పిన కాడ నొక్కుకుంట పోయిన. ఒకపారి అది, "అమ్మా, కప్పతోని కొట్టు" అంటది. ఆ కప్పనేమో సచ్చేటట్టున్నది! నాకు పాణం ఒప్పలే. దాన్ని ఎనక్కి పిలిచి తాబేలును పంపిన. తాబేలుకు లోపల్నే దండం పెట్టిన. ఆ పోరగాండ్లు మిగిలిన బలమంత ఆ దెబ్బలనే పెట్టిండ్రట. తాబేలు తలకాయ లోపటికి తీసుకున్నది, ఏం కాలే. వాళ్ళకు ఇంక సత్తువ లేదు. మేమే గెలిచినం! హాలంత చప్పట్లు. వైశాలి అందరి ముంగట నాకు ముద్దు పెట్టింది.

రెండో ఆట ఓడుడు మాత్రం నా వల్లనే. మొదటి ఆటల మెచ్చుకున్నరని, ఎవ్వరిని దెబ్బ తిననియ్యలే. ఒకదాని ఎనక ఒకటి అన్నిటిని వాపస్ పిలుచుకుంట కూసున్న. బయట కొట్లాడేటందుకు ఒక్కటి మిగలలే. నా బిడ్డ నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. గప్పుడు సమజైంది నాకు, నీ అదృష్టం ఎసొంటిదో.

నేను కూసున్న ముచ్చట నీకు చెప్పొద్దన్నది నేనే. నువ్వు నీ అంతట నువ్వు నిజం రాస్తవా, రాయవా అని చూసిన. రాసినవ్. దాని మీద ఒక్క మాట పడనియ్యకుండ అంత నీ మీదికే తీసుకున్నవ్. నాకు గది చాలు. బ్యాంకు పరీక్ష సంగతి నేను దానితోని వేరే మాట్లాడుకుంట. నువ్వు నడుమ రాకు.

వచ్చే ఐతారం ఇద్దరు రాండ్రి. ఈపారి నేను ఇంట్లనే ఉంట.

ఇట్లు,
నీ అత్త, నీ పార్ట్‌నర్‌కు పార్ట్‌నర్
అనంతమ్మ

మరిచిన: ఈ ముచ్చటంత మీ మామకు చెప్పిన. కోపం చేస్తడనుకున్న. ఇప్పుడు ఉత్తరం మడుస్తుంటే వచ్చి అడుగుతుండు, ముగ్గురు కూసునే పోటీ ఎప్పుడన్న పెడ్తరా అని.