గౌరి చేపలేదు

ఫలక్‌నుమా

ప్రియమైన అమలక్కకు,

మీ హాస్టల్ ఫోన్ పక్కన వార్డెన్ మేడం నిలబడుతుంది, ఇక్కడ నాయనమ్మ చెవి పెట్టి వింటుంది. అందుకే ఈ ఉత్తరం.

కొత్త స్కూల్లో చదువు కష్టంగా లేదు. అన్నం గంటే కష్టం. నందిని అనే అమ్మాయి చుట్టూ అందరూ గుండ్రంగా కూర్చుని, ఒకరి డబ్బాలోది ఒకరు తింటారు. నేను వెళ్తే ఎవరూ జరగరు. మొన్న నందిని ముక్కు మూసుకుని, "ఏ బర్రే, పోయి మీ కొట్టంల కూసొని తిను" అంది. అప్పటినుంచి అదే నా పేరు. వెల్డింగ్ షాపు డానియేలు గారి అమ్మాయి స్వీటీ మాత్రం నా పక్కన కూర్చుంటుంది. కానీ నాకు ఆ గుండ్రంలో కూర్చోవాలని ఉంది అక్కా.

పొద్దున కొట్టంలో గౌరి దగ్గర పాలు పిండాక సబ్బు అరిగిపోయేలా రుద్దుకుని వెళ్తున్నాను. అయినా వాసన వస్తుందట. స్కూల్ మానేద్దామనిపిస్తోంది. నిన్ను కూడా అక్కడ ఎవరైనా ఇలా అంటారా?

నీ చెల్లెలు
మనస్విని

*

వికారాబాద్ హాస్టల్

నా బంగారు మనూకి,

స్కూల్ మానేస్తే వచ్చి చెవి మెలిపెడతాను. నాయనమ్మ చేతులు పట్టు తప్పాక గౌరిని చూసేది నువ్వే. ఆ పాల మీదే మన ఇద్దరి చదువూ నడుస్తోంది. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఎవరైనా ఏమన్నా అంటే తల ఎత్తి వాళ్ల మొహంలోకి చూడు. ఏడవకు, ఏడిస్తే వాళ్లకు మజా.

ఇక్కడ నన్నెవరూ ఏమీ అనరు. బోలెడంత మంది స్నేహితులు. అన్నట్టు, రెండో ఆదివారం నన్ను చూడటానికి బాపును రావద్దని చెప్పు. ఆ పాల బండి మీద అంత దూరం వస్తే నడుం పట్టేస్తుంది. పోయినసారి చూశాను కదా.

నీ అమలక్క

*

ఫలక్‌నుమా

ప్రియమైన అక్కకు,

తల ఎత్తి చూశాను, ఎవరూ జరగలేదు. అందుకే శాలిబండలో ఒక చిన్న అత్తరు సీసా కొన్నాను. మెడకు, చేతులకు, జడకు రాసుకుని వెళ్లాను. నందిని వాసన చూసి, నవ్వి, జరిగి జాగా ఇచ్చింది. ఆ రోజు నాకు భూమి మీద కాలు ఆనలేదు. స్వీటీ మా బెంచీలో ఒక్కతే తింటోంది. నేను అటు చూడలేదు.

సాయంత్రం గౌరి దగ్గర కూర్చున్నాను. ఎంత నిమిరినా చేపలేదు. పొదుగు నిండా పాలున్నాయి, ఒక్క చుక్క దిగలేదు. నా చేతులు వాసన చూసి పక్కకు జరిగింది. మళ్లీ దగ్గరికి వెళ్తే తన్నింది. స్నానం చేసినా అత్తరు పోలేదు, తెల్లారి కూడా అంతే. బాపు కోప్పడలేదు. "అది నిన్ను గుర్తువట్టలే బిడ్డా. ఎవరో పరాయి మనిషి అనుకుంటున్నది" అన్నాడు. ఇట్లాగే ఉంటే పొదుగు వాస్తుందట, పాలు ఎండిపోతాయట.

అత్తరు మానేస్తే ఆ గుండ్రంలో చోటు పోతుంది. ఏం చేయమంటావు?

నీ మనూ

*

వికారాబాద్ హాస్టల్

ప్రియమైన మనూకి,

జవాబు ఆలస్యమైంది. గౌరి సంగతి నాకన్నా నీకే తెలుసు, నీకు సరి అనిపించింది చెయ్యి.

ఆ సీసా నీకు అక్కర్లేకపోతే నాకు పంపు. బట్టలకు రాసుకుంటాను. బాపుకు చెప్పావా, రావద్దని?

అక్క

*

ఫలక్‌నుమా

నా పిచ్చి అక్కకు,

సీసా పంపను. మోరీలో పారబోశాను.

నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. బోలెడంత మంది స్నేహితులున్నదానికి అత్తరెందుకు? బాపు రావద్దని రెండుసార్లు ఎందుకు రాశావు? పోయినసారి బాపు పాల మరకల చొక్కాతో, క్యాన్లు కట్టిన బండి మీద వచ్చినప్పుడు మీ వాళ్లు నవ్వారు కదా? అప్పటినుంచి నువ్వూ ఒక్కదానివే తింటున్నావు. అలా తింటూనే నన్ను తల ఎత్తమన్నావు. చదివి ఏడ్చాను. తర్వాత మస్తు కోపం వచ్చింది.

ఒళ్లంతా శనగపిండితో తోముకుని, గౌరి డొక్కకు తల ఆనించి కూర్చున్నాను. మొదట జరిగింది. తర్వాత నా మెడ వాసన చూసి, చేపింది. బొకెనలో పాలు పడుతుంటే నాకు మళ్లీ ఏడుపొచ్చింది.

స్కూల్లో గుండ్రం వైపు వెళ్లలేదు. స్వీటీ బెంచీ దగ్గర నిలబడ్డాను. "అత్తరు అయిపోయిందా?" అంది. పారబోశానని చెప్పాను. తల దించుకుని రెండు ముద్దలు తింది. ఆఖరికి, "కిటికీ దిక్కు నాది. నువ్వు ఇటు కూసో" అని డబ్బా నా వైపు తోసింది. అటునుంచి నందిని మళ్లీ బర్రె అని పిలిచింది. "బర్రె పేరు గౌరి. నా పేరు మనస్విని" అన్నాను. వాళ్లు నవ్వారు. నేను నా డబ్బా మొత్తం తిన్నాను.

బాపుకు అంతా చెప్పాను. కోపం చేసుకోకు, దాచడం నాకు చేతకాలేదు. బాపు కాసేపు కండువా మడతపెడుతూ కూర్చుని, "పెండ్లిల వేసుకున్న అంగీ ఉన్నది, అది తొడుక్కొని పోదామా?" అని అడిగాడు. నేను వద్దన్నాను.

రెండో ఆదివారం ఇళ్లకు పాలు పోసి, అదే చొక్కాతో, అదే బండి మీద ఇద్దరం వస్తున్నాం. నాయనమ్మ కోవా చేస్తోంది, గౌరి పాలదే. మీ భోజనాల హాల్లో అందరి మధ్య కూర్చుని తిందాం. గేటు దగ్గర ఉండు. నువ్వు లేకపోతే బాపును బయటే ఉంచి నేను లోపలికి వచ్చి, మీ హాస్టలంతా వినపడేలా అక్కా అని పిలుస్తాను.

నీ చెల్లెలు
మనస్విని