మంత్రిగారికి వచ్చిన మార్కులు

అక్కకి,

నేను మంత్రి పదవికి రాజీనామా చేశానని టీవీలో చూసి నువ్వు కంగారుపడి ఉంటావు. జబ్బేమీ లేదు, ఓపికే అయిపోయింది.

ఒకప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెప్పిన ఊళ్లోనే మొన్న సభ జరిగింది. కుళాయి నీళ్లు రంగు మారాయని జనం నిలదీశారు. "పరిశీలిస్తున్నాం, త్వరలో చర్యలు తీసుకుంటాం" అని పార్టీవాళ్లు రాసిచ్చింది చదివాను. అప్పుడొక నర్సు లేచింది. నా దగ్గర రసాయనశాస్త్రం చదువుకున్న అమ్మాయే.

"మాస్టారూ, పరీక్షలో నేనిలా రాస్తే ఎన్ని మార్కులు వేసేవారు?" అంది.

జనం గొల్లున నవ్వారు. పార్టీ కార్యదర్శి నా చెయ్యి నొక్కి, "వదిలేయండి సార్, ఇంకో ప్రశ్నకి వెళ్దాం" అన్నాడు. వదిలేసి వదిలేసి విసిగిపోయానక్కా.

"సున్నా వేసేవాణ్నమ్మా. ఆ నీళ్లలో సీసం ఉందని పొద్దున్నే రిపోర్టు వచ్చింది. ఎన్నికలయ్యేదాకా చెప్పొద్దన్నారు. ఎవరూ తాగకండి" అని మైకులోనే చెప్పేశాను.

సాయంత్రానికి రాజీనామా అడిగారు, ఇచ్చేశాను. మర్నాడు ఆ ఊరికి మంచినీళ్ల ట్యాంకర్లు వెళ్లాయి.

నేను ముఖ్యమంత్రినవుతానని బావగారు ఆశపడ్డారు. ఆయనకి నువ్వే నచ్చజెప్పు. ఆదివారం బంగళా ఖాళీ చేసి మీ ఇంటికొస్తున్నాను. ఎవరొచ్చి అడిగినా నిద్రపోతున్నాడని చెప్పు. అది అబద్ధం కాదులే.

నీ తమ్ముడు