రత్నమ్మ టీచరుగారి సమాధి రాయి

రత్నమ్మ టీచరుగారూ,

మీరు పోయి నేటికి ఏడాది. మన స్కూలువాళ్లు గుణదలలో మీ సమాధికి రాయి వేయిస్తున్నారు. మీ దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నదాన్నని, మీ గుణగణాల గురించి ఒక్క వాక్యం రాసిమ్మని నన్నే అడిగారు.

నాకు మీ పాఠం గుర్తొచ్చింది. బోర్డు మీద 'క్యారెక్టరైజ్' అని రాసి, మనిషి గుణం ఇలాంటిదని చెప్పడమే దాని అర్థమన్నారు. ఆ మాట గ్రీకులో పుట్టిందట. మొదట్లో దానర్థం చెక్కడం, ముద్ర కొట్టడం.

"అందుకే ఒకరి గుణం రాసేముందు పదిసార్లు ఆలోచించాలమ్మా. చెక్కింది చెరిగిపోదు" అన్నారు. నమ్మాను.

టీచరు ట్రైనింగయ్యాక నా ఉద్యోగం కోసం మీరే సిఫారసు ఉత్తరాలు రాసి, కవర్లంటించి ఇచ్చారు. యుద్ధం రోజుల రైళ్లలో నలగకుండా వాటిని మోసుకుంటూ మూడు స్కూళ్లకు వెళ్లాను. మూడుచోట్లా కవరు చింపి చదివారు, నా మొహంలోకి ఒకసారి చూశారు, వెళ్లమన్నారు. మీ దగ్గరికొచ్చి ఏడిస్తే కాఫీ ఇచ్చి, "దేవుడి చిత్తం సుశీలా" అన్నారు. మీ కిందే అసిస్టెంటుగా ఉండిపోయాను.

మొన్న మీ బీరువా సర్దుతుంటే ఆ సిఫారసు ఉత్తరాల నకలు దొరికింది. మీ గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలే. 'సుశీలను క్యారెక్టరైజ్ చెయ్యాలంటే, పైకి వినయం, లోపల పొగరు. నమ్మదగిన మనిషి కాదు.'

ఈ ఉదయం రాళ్లు చెక్కే కోటయ్య ఉలి పట్టుకుని అడిగాడు.

"పేరు చెక్కేశానండీ. కింద ఏం చెక్కమంటారు?"

పదిసార్లు ఆలోచించాను టీచరుగారూ.

"ఏమీ వద్దు కోటయ్యా. నున్నగా వదిలెయ్యి" అన్నాను.