పటంలో లేని అమ్మ

ఆగస్టు 19

కాన్సాస్ పటం మళ్ళీ మొదలు. అమెరికాలో జిల్లాని కౌంటీ అంటారు. ఏ కౌంటీలో హిస్పానిక్ జనం, అంటే మావాళ్ళు, ఎక్కువో దానికి అంత ముదురు నారింజ రంగు. డిగ్రీ చేసి నేను చేస్తున్న ఉద్యోగం ఇది, ఇంట్లో కూర్చుని రంగులు నింపడం. పడమటి మూల మా కౌంటీ మండిపోతోంది. నాన్నా మావాళ్ళూ పనిచేసే, పశువులు కోసే ప్లాంటు పుణ్యం. మిగతా పటం వెలిసిన చొక్కాలా ఉంది.

ఆగస్టు 27

ప్లాంటు మూసేస్తారట. నాన్న భోజనం చేయలేదు.

సెప్టెంబరు 6

పక్కింటి చాయో అత్త వచ్చి, మేం నెబ్రాస్కా పోతున్నాం, ఈ పెనం నువ్వుంచుకో, నీ తొర్తియా రొట్టెలు ఎలాగూ గుండ్రంగా రావు, పెనమైనా గుండ్రంగా ఉంటుంది అంది. నవ్వాను. తను వెళ్ళాక ఏడ్చాను.

మిస్సోరి సరిహద్దు దగ్గర నాన్నకి ఇళ్ళకి కప్పులు వేసే పని దొరికింది. ఈ ఊరు వదిలి రానంటున్నాడు. అమ్మ ఇక్కడుంది.

సెప్టెంబరు 21, మధ్యాహ్నం

మావాళ్ళెవరు పోయినా చందాలేసుకుని శవాన్ని మెక్సికోలో సొంతూరికి పంపిస్తారు. అమ్మ ఒప్పుకోలేదు. నా పిల్ల లేనిచోట నాకేం పని, ఏటా మీ ఇంటికి నడిచి రావద్దూ, దగ్గర్లోనే పెట్టండి అంది. అందుకే ప్రతి నవంబరు రెండున, పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండగ రోజున, అమ్మకి దారి తెలియాలని ఆవిడ సమాధి నుంచి మా గుమ్మం దాకా నాన్న బంతిపూల రేకులు చల్లుతాడు. మూడు వీధులే.

ఇవాళ నాన్న నా వెనక నిలబడి, ఈ పటంలో మీ అమ్మ ఉందా అన్నాడు. బతికున్నవాళ్ళనే లెక్కపెడతారు నాన్నా అన్నాను. అందరూ పోయాక ఇక్కడ మిగిలేది ఆవిడే, ఆవిణ్ణే వదిలేశారా, భలే చదువు తల్లీ నీది అన్నాడు.

అక్టోబరు 24

నాన్న వస్తానన్నాడు. పెరట్లో బంతిపూలన్నీ కోసి దిండు గలేబుల్లో నింపుతున్నాడు.

అక్టోబరు 30

సామాను కారులో వేసుకుని బయల్దేరాం. ముందు అమ్మ సమాధి దగ్గర ఓ గుప్పెడు రేకులు చల్లాడు నాన్న. తర్వాత కౌంటీ దాటే బోర్డు దగ్గర, ఆపు తల్లీ అన్నాడు. దిగి ఇంకో గుప్పెడు చల్లాడు. పక్క కౌంటీ బోర్డు దగ్గర మళ్ళీ. మీ అమ్మకి దిక్కులు తెలీవు, నీ స్కూలుకి వస్తూ కూడా తప్పిపోయేది, ఇంత దూరం ఎలా వస్తుంది అన్నాడు.

కౌంటీల వరస నాకు కంఠతా వచ్చు. తర్వాత నుంచి ఆయన అడక్కముందే ఆపాను.

ఒకసారి కారు అద్దంలో వెనక్కి చూశాను. కాన్సాస్ గాలి. రోడ్డు మీద ఒక్క రేకు లేదు. నాన్నకి చెప్పలేదు.

నవంబరు 2

మా పాత కౌంటీకి లేత రంగు వేశాను.

కొత్త ఇంట్లో అమ్మ కోసం కప్పులో పోసి పెట్టిన వేడి చాక్లెట్ చల్లారింది. తలుపు వేయొద్దన్నాడు నాన్న. ఇద్దరం కోట్లు వేసుకుని కూర్చున్నాం.