అంచు నాడె

శ్రావణం, సోమవారం
నర్సమ్మ కోడేరుకు, పుట్టింటికి పోయి ఇరవై రోజులు. కబురు లేదు. మగ్గం మీద చీర సగంలో ఆగింది. పట్టంచు చీరకు ఇద్దరుండాలి... నడుమ బట్టకు పోగు నడిపే నాడె నేను వేస్తే, పక్కన కూర్చుని అంచు నాడె తను వేయాలి. ఒక్కణ్ణి ఏం నేయను?

మంగళవారం
ఏమీ నేయలేదు. యుద్ధం పేరు చెప్పి నూలు కూడా సరిగా దొరకడం లేదు.

బుధవారం
ముఖం కడుక్కుంటుంటే, మనిషి లేకుండానే చెవిలో పలికే ఆ గొంతు మళ్లీ. 'నీ పెండ్లాం అంబలిల మందు కలిపింది' అని. తను పుట్టింటికి పోయిన రోజూ ఇదే మాట విని చెంబు విసిరాను. నర్సమ్మ నుదురు పగిలింది. అంతకుముందు నా అనుమానం తీరాలని పూటపూటా నా ఎదురుగా తానొక ముద్ద తిని, అప్పుడు నాకు పెట్టేది. అంత ఓపిక మనిషిని కొట్టాను. పాపిష్టివాణ్ణి.

శుక్రవారం
అమ్మ బీచుపల్లికి పోదామంటోంది. హనుమంతుడి దగ్గర నలభై రోజులుంటే గాలి వదులుతుందట. సరేనన్నాను. కాని ఈలోగా నర్సమ్మ వస్తే? తాళం చూసి వెనక్కి పోతుంది కదా...

శనివారం
నర్సమ్మ వచ్చి పక్కన కూర్చుంది. సంతోషం పట్టలేక, మాట్లాడుతూ జానెడు నేశాను. అమ్మ వచ్చి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"ఎవ్వరితోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?"
పక్కన ఎవరూ లేరు. అంచు నాడె పెట్టిన చోటే ఉంది. జానెడు పొడుగున బట్ట ఒక పక్క, దానితో కలవని అంచు పోగులు ఒక పక్క.

ఆదివారం
విప్పాను. ఒక్కో పోగూ. ఆ గొంతుకు నర్సమ్మ నవ్వు వచ్చు, దగ్గు వచ్చు. అంచు నాడె వేయడం మాత్రం రాదు. ఇది తెలిశాక కొంచెం ధైర్యం.

మంగళవారం
కోడేరు పోయే బండి మనిషితో చెప్పి పంపాను — బీచుపల్లికి పోతాను. నీ చేతి ముద్ద తింటాను. ముందు నువ్వు తిని చూపించనక్కర లేదు.

శనివారం
జవాబు లేదు. ఇల్లు మింగేస్తోంది.

సోమవారం
అమ్మ నూలు కోసం పోయింది. గాజుల చప్పుడు. నర్సమ్మ. నుదుటి మీద మచ్చ.
"జర జరుగు, కూసుంట."
జరిగాను. నోరు తెరవలేదు. బట్ట నాడె వేశాను, తను అంచు నాడె వేస్తుందేమో చూద్దామని ఆగాను.
"ఏంది, మాట్లాడవా?"
ఈ పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను. తను నన్నే చూస్తోంది. అంచు నాడె ఇంకా కదల్లేదు. నేను పలికితేగాని వేయదేమో... పలకాలంటే భయంగా ఉంది.