దసరాకల్లా నున్నగా

సెప్టెంబర్ 1, 2024, ఆదివారం. షార్జా.

ఈ రోజు నుంచే మొదలు. ఇంగ్లండు నుంచి పెట్టెల్లో విడిభాగాలుగా తెప్పించుకున్న కారుకి ఇంజనూ చక్రాలూ బిగించి ఏడాది దాటింది. మిగిలింది పైనున్న ఫైబర్‌గ్లాస్ బాడీ. రంగు వేసేముందు దాన్ని అరగదీసి, గుంటలు పూడ్చి, నున్నగా చేయాలి. నియమాలు:

ఒకటి, ఆఫీసు నుంచి రాగానే రోజూ ఒక గంట.

రెండు, పనంతా నా చేతుల్తోనే.

మూడు, దసరాకల్లా రంగు.

మూడోది మా ఆవిడ శ్రీసుధ పెట్టింది. విజయదశమి నాడు గ్యారేజీలో పిల్లలకి సంగీతం క్లాసు మొదలుపెడుతోంది. నలుగురు చేరారు కూడా. రంగు లేని బండిని వీధిలో పెడితే పాడుబడ్డదనుకుని మునిసిపాలిటీ వాళ్ళు ఎత్తుకుపోతారు. కాబట్టి రంగు పడితేగాని గ్యారేజీ ఖాళీ కాదు.

"మూడేళ్ళు ఆగానండీ. ఈ దసరా దాటితే ఇక అడగను," అంది.

"అడగాల్సిన అవసరమే రాదు," అన్నాను. అల్యూమినియం పలకలకి రంగులు వేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజర్‌ని. నునుపు గురించి నాకా చెప్పేది?

సెప్టెంబర్ 2, సోమవారం.

గంట అనుకున్నాను, గంటన్నర చేశాను! ఎడమ తలుపు మీద, అచ్చులో పోసినప్పుడు పడ్డ అతుకు గీత మాయం. చెయ్యి జారిపోతోంది.

తర్వాత స్నానం. నీళ్ళు పోసుకున్నకొద్దీ ఒళ్ళంతా దురద.

"వేడినీళ్ళకి గాజుపొడి చర్మంలోకి దిగుతుంది. గీజరు ఆపే ఉంది కదా, అటువైపు కుళాయి తిప్పలేకపోయారా?" అని తలుపవతల నుంచి శ్రీసుధ.

నిజమే. ఎండాకాలం మేడమీద ట్యాంకు నీళ్ళు కాగిపోతుంటాయి, ఇక్కడ చన్నీళ్ళు కావాలంటే ఆపేసిన గీజరులోంచే రావాలి. ఇన్నేళ్ళుగా ఉంటూ దురదలో ఆ సంగతే మర్చిపోయాను.

సెప్టెంబర్ 4, బుధవారం.

విశ్రాంతి. చర్మం కోలుకోవాలి. అయినా ఖాళీగా లేను, పుట్టీ ఎలా పెట్టాలో మూడు వీడియోలు చూశాను. చూడటం కూడా పనిలో భాగమే.

సెప్టెంబర్ 7, శనివారం.

వినాయక చవితి. పండగ పూట గాజుపొడి ముట్టుకోకూడదని ఎవరూ అనలేదు. నాకే అనిపించింది.

సెప్టెంబర్ 14, శనివారం.

పుట్టీ రోజు. గట్టిపరిచే మందు బఠాణీ గింజంత కలపమని డబ్బా మీద ఉంది. మంచిదే కదా అని ఇంకొంచెం వేశాను. ఈలోగా ఆఫీసు ఫోను. మాట్లాడి వచ్చేసరికి పుట్టీ రాయయిపోయింది, అందులో గరిటె నిటారుగా నిలబడి ఉంది. ఎంత లాగినా రాలేదు.

శ్రీసుధ చాపలు పట్టుకుని కొలతలు చూసుకోవడానికి వచ్చింది. "పిల్లలు నలుగురూ ఇటు, గోడ దగ్గర నేను," అంటూ బండి చుట్టూ తిరిగింది. వీణకి కొత్త తీగలు కట్టించుకొచ్చిందట. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆవిడ మొహంలో ఆ ఉత్సాహం చూశాను. చాలా ముచ్చటేసింది. గరిటె సంగతి చెప్పలేదు.

సెప్టెంబర్ 21, శనివారం.

ఒకటో నియమానికి చిన్న సవరణ. రోజూ గంట బదులు వారానికోసారి ఏడు గంటలు. లెక్క ఒకటే.

ఈ వారం ఏడు గంటలూ వచ్చే వారంలో కలుపుతున్నాను.

సెప్టెంబర్ 28, శనివారం.

గాల్లో తేమ ఎక్కువగా ఉంది. రంగు కింద వేసే ప్రైమర్‌కి మంచిది కాదు. ప్రైమర్ ఇంకా కొనలేదనుకోండి, అయినా మంచిది కాదు.

అక్టోబర్ 6, ఆదివారం.

మా ఫ్యాక్టరీలో రంగుల లైను చూసే ఖాదర్ హుస్సేన్ వచ్చాడు. నెల్లూరాయన. బండి చుట్టూ తిరిగి, "ఇంకా ఇట్టనే ఉండాదే సార్. ఒక్కరోజు నాకు వదిలేయండి, సాయంత్రానికి ఖలాస్," అన్నాడు.

రెండో నియమం గురించి వివరించాను.

"అట్టయితే మీ చేతుల్తోనే కానీయండి. నేను పక్కన నిలబడతా."

పుట్టీ ఖాదర్ పెట్టాడు. అరగదీసిందీ, ప్రైమర్ కొట్టిందీ అతనే. ఎక్కడెక్కడ చెయ్యాలో వేలు పెట్టి చూపించింది మాత్రం నేను. వేలు చేతికే ఉంటుంది కాబట్టి రెండో నియమం భద్రం.

అక్టోబర్ 11, శుక్రవారం, ఉదయం.

బూడిదరంగు ప్రైమర్‌లో బండి పెళ్ళికొడుకులా ఉంది. మధ్యాహ్నం నీలం రంగు. రేపు పొద్దున్నే బయటికి తోసేస్తే పదింటికి పిల్లలు వచ్చేస్తారు.

ముందు ఆయుధపూజ. బానెట్ ఏటవాలుగా ఉండటంతో కుంకుమ జారిపోతోంది. నువ్వులనూనెలో రంగరించి స్వస్తిక్ వేశాను. చక్కగా నిలిచింది. రంగు కొట్టడానికి వచ్చిన ఖాదర్ ఏదో అనబోయి ఆగాడు.

"ఏంటి ఖాదర్?"

"ఏం లేదు సార్. బాగుండాది."

అదే రోజు, సాయంత్రం.

బొట్టుని గుడ్డతో తుడిచి మొదటి కోటు కొట్టించాను. చూస్తుండగానే బానెట్ మధ్యలో రంగు విచ్చుకుంది. చేప కళ్ళలా చిన్న చిన్న గుంటలు, ఒకదాని పక్కన ఒకటి. కాసేపటికి స్వస్తిక్ మొత్తం తేలింది.

నూనె తగిలిన చోట రంగు నిలవదు. ప్రైమర్ నూనెను పీల్చేస్తుంది, తుడిస్తే పోదు. నాకు తెలియనిదా! జిడ్డు చేతుల్తో ముట్టుకున్నారని లారీలకొద్దీ పలకలు వెనక్కి పంపినవాణ్ణి.

"తెలిసి కూడా చెప్పలేదేం?" అని ఖాదర్‌ని అడిగాను.

"చెబుదామనే అనుకున్నా సార్. మీరు దేవుడికి బొట్టు పెడతా ఉండారు. ఆ టైములో నేను నూనె, జిడ్డు అంటే బాగుంటదా? నేనెట్ట జెప్పేది?"

నా భక్తీ అతని మర్యాదా కలిసి బానెట్‌ని ముంచాయి. ఇప్పుడు రంగూ ప్రైమరూ గీకెయ్యాలి, మళ్ళీ మొదట్నుంచి.

అక్టోబర్ 12, శనివారం. విజయదశమి.

పది గంటలకి నలుగురు పిల్లలూ పట్టుబట్టల్లో వచ్చారు, వెంట తల్లులు. గ్యారేజీ అంతా నీలం పొడి. మధ్యలో మాస్కుతో నేను. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తలెత్తలేకపోయాను. సిగ్గేసింది.

శ్రీసుధ నా వైపు చూడలేదు. "లోపలికి రండి," అని వాళ్ళని తీసుకెళ్ళింది. హాల్లో కూర్చుంటే రోడ్డు మీద లారీల మోతకి శ్రుతి వినపడదు. రెండో పడగ్గదిలో బండి సీట్లూ, అద్దాలూ, దీపాలూ ఉన్నాయి. మిగిలింది మేం పడుకునే గది. ఇద్దరు తల్లులు సాయం పట్టారు, మా మంచం గోడకి నిలబెట్టేశారు. కాసేపటికి లోపలి నుంచి సరళీ స్వరాలు.

గొంతులు బాగున్నాయి. ముహూర్తం దాటలేదు. మధ్యాహ్నం భోజనం వడ్డించినప్పుడు కూడా ఆవిడ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంతో హాయిగా ఉండేది.

అక్టోబర్ 13, ఆదివారం.

నిన్న సాయంత్రం మంచం గ్యారేజీలోకి వచ్చింది. కారుకీ గోడకీ మధ్య సరిగ్గా పట్టింది. రాత్రి దాని మీద నేను. ఏసీ లేదు. పక్క మీద గాజుపొడి, దులిపినకొద్దీ ఉంది. తెల్లారేసరికి నడుం కాస్త పట్టింది. శ్రీసుధ క్లాసు గదిలో చాపల మీద పడుకుంది. నా చొక్కాలు తగిలించుకునే మేకుకి సరస్వతీదేవి పటం వేలాడుతోంది.

పొద్దున కాఫీతోపాటు ఒక స్టాండు ఫ్యాను కూడా తెచ్చిపెట్టింది.

"ఎన్నాళ్ళిలా?" అన్నాను.

"బండికి రంగు పడితే గ్యారేజీ ఖాళీ అవుతుంది కదా. అప్పుడు క్లాసు ఇక్కడికి, మంచం అక్కడికి. నిదానంగా చేసుకోండి. నాకిప్పుడు తొందరేం లేదు," అని ఫ్యాను నా వైపు తిప్పి వెళ్ళిపోయింది.

ఈ రోజు నుంచే మొదలు. ఒకటి, రోజూ ఒక గంట. కాదు, రెండు. రెండు, పనంతా నా చేతుల్తోనే, అవసరమైతే ఖాదర్ చేతుల్తో. మూడో నియమం దగ్గర ఆగిపోయాను. గడువు ఈసారి ఎవరూ చెప్పలేదు, నేనే రాసుకోవాలి.

మూడు, నడుం పూర్తిగా పట్టేసేలోగా రంగు.